డబ్బాలో చప్పుడు

మొన్న నాగర్‌కర్నూల్‌లో మా ఆఫీసులో ఒక కంప్యూటర్ చప్పుడు చేయడం మొదలుపెట్టింది. నాది కాదు, పక్క టేబుల్‌ది. అయినా చేతిలో పని వదిలేసి లేచిపోయి, దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెవి పెట్టాను. పక్క సీటామె నవ్వి, "ఏంది మేడం, దానికి గుండె కొట్టుకుంటుందా లేదా చూస్తున్నరా" అంది. సాయంత్రం మెకానిక్ వచ్చి పక్క రేకు విప్పితే అక్కడే నిలబడి లోపలికి తొంగి చూశాను. దుమ్ము ఉంది. ఫ్యాను రెక్కలకు బూజు ఉంది. బ్రష్‌తో దులిపాడు, చప్పుడు పోయింది. దుమ్ము తప్ప ఇంకేమీ రాలలేదు. నా కుర్చీలోకి వచ్చి కూర్చుని, ఎవరికీ ముఖం కనబడకుండా స్క్రీన్‌కు దగ్గరగా జరిగాను. మా పెద్దత్త పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

పెద్దత్త అంటే మా నాయనకు అక్క. గద్వాల అవతల, తుంగభద్ర ఒడ్డున రాజోలికి ఇచ్చారు. నేను పుట్టకముందే ఆమె భర్త పోయాడు. పిల్లలు లేరు. అత్తగారింట్లో కొన్నేళ్లు ఉండి, ఇక అక్కడ తన అవసరం లేదని అర్థమయ్యాక, ఒక సంచి పట్టుకుని వనపర్తిలో మా ఇంటికి వచ్చింది. ఆ సంచి మా నడిమింట్లో ఒక మేకుకు వేలాడుతూ ఉండేది. నాకు తెలిసినన్నాళ్లూ అందులో రెండు చీరలు మడతపెట్టి ఉండేవి. అల్మారాలో పెట్టుకోమని నేను అడిగితే, "ఉండనియ్ బిడ్డా, దాని జాగ దానిది" అనేది. ఎప్పుడు పొమ్మన్నా పోవడానికి సిద్ధంగా ఉండాలని ఆమె ఆ సంచిని ఖాళీ చేయలేదని చిన్నప్పుడు నాకేం తెలుసు. మా ఇల్లు తప్ప ఆమెకు ఇంకో ఇల్లు లేదు. ఆ సంగతి ఆమె ఒక్క పూట కూడా మరిచిపోలేదు.

అన్నం పెడుతుంటే రెండో గరిటెకే "సాకు, సాకు" అని చెయ్యి అడ్డం పెట్టేది. అది రాజోలి మాట, చాలు అనడానికి ఆ సరిహద్దు ఊళ్లలో వాడే కన్నడపు మాట. ఇరవై ఏళ్లు మా ఇంట్లో ఉన్నా ఆ మాట పోలేదు, రెండో గరిటె దాటనూ లేదు. పల్లికాయ ఒలిచేటప్పుడు మాత్రం ఆ చేతులు చూడాలి. మేం పిల్లలం పిడికెడు ఒలిచేలోపు ఆమె ముందర గంపెడు పొట్టు లేచేది. గేటు చప్పుడైతే చాలు, ఆ చేతులు మాయమయ్యేవి. రెండూ కొంగు కిందికి పోయేవి. వచ్చినవాళ్లు కూర్చుని, చాయ్ తాగి, లేచిపోయేదాకా బయటికి వచ్చేవి కావు. చలి పెడుతున్నట్టు, ఎండాకాలంలో కూడా.

ఇక ఆమె మాట ఒకటుండేది. ఇంట్లో ఎవరు బయటికి బయలుదేరినా, చెప్పులు వేసుకునే చప్పుడు వినబడగానే ఆమె పెరట్లోకి పోయేది. అక్కడి నుంచి కేక వేసేది.

"నేను ఎన్కకు పోయిన, ఎల్లుండ్రి."

బస్సు కండక్టర్ విజిల్ వేసినట్టు, ఆ కేక పడితేగాని మా ఇంట్లో ఎవరూ గడప దాటేవాళ్లు కాదు. చిన్నప్పుడు ప్రతి ఇంట్లోనూ ఇలాగే ఒకరు వెనక నుంచి కేక వేస్తారనుకునేదాన్ని. ఒక రోజు నా స్నేహితురాలి ఇంటికి పోయి, వాళ్లమ్మ బజారుకు పోతుంటే, "మీ ఇంట్ల ఎన్కకు ఎవరు పోతరు?" అని అడిగాను. ఆ పిల్లకు అర్థం కాలేదు. వాళ్లమ్మకు అయింది. ఆమె నా తల నిమిరి, మీ అత్తకు భర్త లేడు గదా, బయలుదేరేటప్పుడు ఎదురు రావొద్దని అట్ల చేస్తుంది అని మెల్లగా చెప్పింది. ఇంటికొచ్చి పెద్దత్త ముఖం చూడడానికి నాకు సిగ్గేసింది. నేను చేసిన తప్పేమీ లేదు, అయినా సిగ్గేసింది.

మా ఇంట్లో ఎవరూ ఆమెను వెనక్కు పొమ్మనలేదు. ఇది మా అమ్మ ఇప్పటికీ గట్టిగా చెబుతుంది, అది నిజమే. పోవద్దని కూడా ఎవరూ అనలేదు. మా నాయనకు మతిమరుపు జాస్తి. బండి తీసి గేటు దాకా పోయి, తాళంచెవి మరిచిపోయానని ఒకసారి, ఫోన్ మరిచిపోయానని ఒకసారి వెనక్కి వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ ఆమె మళ్లీ పెరట్లోకి పోవాలి, మళ్లీ కేక వేయాలి. ఒకసారి వాన దంచికొడుతోంది. ఆయన హెల్మెట్ అని, సంచి అని ఇంట్లోకీ గేటుకూ తిరుగుతుంటే ఆమె స్నానాలగది చూరు కింద నిలబడి నిలువునా తడిసింది. ఆ తర్వాత నాయన బయలుదేరే ముందు జేబులన్నీ తడుముకుని చూసుకోవడం అలవాటు చేసుకున్నాడు. అక్క తడవకూడదని. ఆమెకు ఆయన చేసిన మర్యాద అంతే. అంతకంటే సులువైనది ఇంకొకటి ఉందని మాలో ఎవరికీ తోచలేదు.

లాక్‌డౌన్ అయిన తర్వాత ఏడాది మా ఇంట్లోకి కంప్యూటర్ వచ్చింది. నేను డిగ్రీ చేసి ఖాళీగా ఉన్నాను. అప్పుడు నౌకరీ పరీక్షలన్నీ ఇంట్లో కూర్చుని రాసేవే. గద్వాలలో ఒక నెట్ సెంటర్ మూతబడితే, నాయన అక్కడి నుంచి ఒక పాతది కొని, దుప్పటి చుట్టి ఆటోలో తెచ్చాడు. పెద్దత్త గుమ్మం పక్కన నిలబడి చూస్తూ, "యాడికెళ్లి తెచ్చినవు తమ్మీ?" అని అడిగింది. గద్వాల అని ఆయన చెప్పగానే ఆమె ముఖం వెలిగింది.

"మా దిక్కుదే. ఇది గూడ నా లెక్కనే ఆడికెళ్లి వచ్చింది."

ఆ రోజు నుంచి అది ఆమెకు చుట్టమైపోయింది. దాన్ని డబ్బా అనేది. పాత నూలు చీర చింపి దానికి గలీబు కుట్టింది. రోజూ పొద్దున దులిపేది, తడిగుడ్డ తగలనిచ్చేది కాదు. స్క్రీన్ నల్లబడితే "పండుకున్నదా?" అని అడిగేది. నేను పరీక్షకు చదువుకుంటుంటే తలుపు పక్కన కూర్చుని పల్లికాయ ఒలిచేది. ఒకనాడు అడిగింది.

"నీ నౌకరి ఈ డబ్బలనే ఉన్నదంట గదా."

"అవునత్తా."

"మరి బయటికి ఎప్పుడు ఎల్తది?"

"పరీక్ష పాసయితే ఎల్తది."

"గట్లనా" అని డబ్బా వైపు చాలాసేపు చూసింది. నేను నవ్వుకున్నాను. ఆమె నవ్వలేదు.

దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధపూజ అంటే నాయన బండి, కొడవళ్లు, అమ్మ కుట్టుమిషన్, ఆ ఏడు కొత్తగా డబ్బా. అన్నిటికీ పసుపు, కుంకుమ బొట్లు పెట్టి, అందరం తలా పిడికెడు అక్షింతలు వేశాం. పక్కింటామె కూడా వచ్చి వేసింది. పెద్దత్త పెరట్లో గిన్నెలు తోముతోంది. మంచి పని జరిగేచోట ఆమె ఉండదు, అక్షింతలు వేసే చెయ్యి ఆమెది కాదు. ఇది ఎవరూ ఎవరికీ చెప్పనవసరం లేదు, పొయ్యి ఎక్కడుందో చెప్పనక్కర్లేనట్టే. పూజ అయ్యాక ఆమె వచ్చి ఖాళీ పళ్లెం తీసుకుపోయి కడిగింది.

దసరా పోయిన కొన్నాళ్లకు డబ్బాలో చప్పుడు మొదలైంది.

మొదట టిక్కు టిక్కుమని సన్నగా వచ్చేది. ఆన్ చేసిన కాసేపటికి మొదలై, దానంతటదే ఆగిపోయేది. కొన్ని రోజులకు గరగరమని రేకు మీద గోళ్లతో గీకినట్టయింది. అమ్మ బల్లి అంది. నాయన దాని మీద అరచేత్తో రెండు సరిచి, "కరెంటు హెచ్చుతగ్గులు" అని తేల్చాడు. సరిచినప్పుడు నిజంగానే చప్పుడు ఆగింది, ఆయన చెప్పిందే రైటని రెండు రోజులు మీసం తిప్పాడు. మూడో రోజు మళ్లీ వచ్చింది.

నేను వదల్లేదు. ముందు స్పీకర్ల వైరు పీకి చూశాను, చప్పుడు పోలేదు. స్క్రీన్ ఆపి చూశాను, పోలేదు. యూపీఎస్ దూరంగా జరిపాను. చివరికి అది డబ్బాలోనే అని ఖాయమైంది. నాగర్‌కర్నూల్‌లో మా చిన్నమ్మ కొడుక్కి మొబైల్, కంప్యూటర్ రిపేరు షాపుంది. అన్నకు ఫోన్ చేసి చప్పుడు వినిపించాను. "స్క్రూడ్రైవర్ కొన డబ్బాకు ఆనించి పిడి చెవికి పెట్టుకో, యాడికెళ్లి వస్తుందో తెలుస్తది" అన్నాడు. అలాగే పెట్టుకుని పై నుంచి కింది దాకా విన్నాను. నడుమ గట్టిగా వినబడింది. డబ్బాను పక్కకు పడుకోబెడితే ఆగింది. లేపి నిలబెడితే కాసేపటికి మళ్లీ వచ్చింది.

"లోపల ఏదో వదులుగ ఉన్నది, ఫ్యానుకు తగులుతుంది. విప్పాలె" అన్నాడు అన్న.

ఈ పరిశోధన జరుగుతున్నన్ని రోజులూ ఇంట్లో విప్పవద్దన్నది ఒక్క పెద్దత్తే. "ఊకె గెలకకుండ్రి బిడ్డా, అదే సల్లవడ్తది" అని తలుపు పక్క నుంచి అనేది. నేను డబ్బా దగ్గర స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుంటే పల్లికాయ గంప అక్కడే వదిలేసి లేచిపోయేది. పాత వస్తువంటే ఆమెకు జాలి అనుకున్నాను.

హైదరాబాద్‌లోని ఒక కంపెనీ పరీక్ష దగ్గరపడింది. కెమెరా పెట్టుకోవాలి, మైకు ఆన్‌లో ఉండాలి. గదిలో ఇంకొకరి అలికిడి వినబడినా, అదే పనిగా ఏదైనా చప్పుడు వచ్చినా పరీక్ష రద్దు చేస్తామని వాళ్లు ముందే చెప్పారు. అప్పటికి డబ్బా మోటారు మిల్లులాగా మోగుతోంది. ఇక లాభం లేదని పరీక్షకు ముందురోజు అన్నను రమ్మన్నాను. బండి మీద వచ్చాడు. అప్పుడే అమ్మ దగ్గరికి జాకెట్టు కోసం వచ్చిన పక్కింటామె కూడా, ఏం విప్పుతున్నారో చూద్దామని కూర్చుంది. నాయన మంచం మీద ఉన్నాడు. పెద్దత్త పెరటి తలుపు దగ్గర, చేతులు కొంగు కింద పెట్టుకుని నిలబడింది.

అన్న స్క్రూలు తీసి పక్క రేకు లాగి, దుమ్ము రాలడానికి డబ్బాను కొంచెం వంచాడు. దుమ్ముతో పాటు జలజలమని బియ్యం రాలాయి. పసుపు కలిపిన బియ్యం. ఒకటీ రెండూ గింజలు కాదు, దోసెడు ఉంటాయి. గచ్చు మీద పచ్చగా పరుచుకున్నాయి. ఫ్యాను రెక్కల సందుల్లో ఇంకా ఇరుక్కుని ఉన్నాయి. అక్కడక్కడా కుంకుమ ఎర్రగా అంటింది.

"పెద్దమ్మా, బియ్యం డబ్బా వేరే లేదా మీ ఇంట్ల?" అన్నాడు అన్న నవ్వుతూ.

పక్కింటామె జాకెట్టు ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది.

"గివి ఎలుక తెచ్చినయి గావు" అంది మెల్లగా. "పసుపు, కుంకుమ, బియ్యం. కనవడకుంట లోపట వెట్టిండ్రు. ఎవరో చేసిండ్రు. పిల్లకు ఇన్ని దినాలు నౌకరి ఎందుకు అయితలేదో ఇప్పుడు సమజైంది."

మా దిక్కున 'చేసిండ్రు' అంటే చేతబడేనని ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అమ్మ ముఖం పాలిపోయింది. నాయన మంచం మీంచి కాళ్లు కింద పెట్టాడు.

"బయటోల్లకు నడిమింట్లకు వచ్చే పనేముంటది" అని పక్కింటామె ఇంకా అంది, ఎవరి వైపూ చూడకుండా. "ముందుగాల ఇంట్ల ఎవరెవరున్నరో జూసుకోండ్రి."

ఆ ఇంట్లో ఉండేది మేం నలుగురమే. అమ్మ చూపు గచ్చు మీది నుంచి లేచి, మెల్లగా పెరటి తలుపు వైపు పోయింది. ఎక్కడ ఆగబోతోందో నాకు తెలుసు. అది ఆగేలోపే నాకు మిగిలినదంతా తెలిసిపోయింది. గలీబు, తలుపు పక్కన కూర్చోవడం, ఊకె గెలకకుండ్రి అనడం, అన్నీ.

"నేనే ఏసిన" అన్నాను. "పరీక్షలప్పుడు. సెంటిమెంటు."

"నువ్వా?" అంది అమ్మ. పండుగ పూట కూడా మూడుసార్లు పిలిస్తేగాని దేవుడి దగ్గరికి రాని దాన్ని నేను. నా అబద్ధం నాకే నిలబడలేదు.

"పిల్ల అబద్ధం జెప్తుంది" అంది పెద్దత్త.

ఆమె ముందుకు వచ్చింది. బయటివాళ్ల ముందు ఆ చేతులు కొంగు కింద నుంచి బయటికి రావడం నేను మొదటిసారి చూశాను. కుడిచేతి వేళ్ల కొసలు పచ్చగా ఉన్నాయి. ఆ పొద్దున కూడా వేసినట్టుంది.

"నేనే ఏసిన. దసరకు మీరందరు ఏస్తిరి గదా, నేను ఏయకపోతి. పిల్ల నౌకరి దీంట్లనే ఉన్నదంటే..." అని ఆగి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకదాన్ని ఒకటి రుద్దుకుంది. "పైన ఏస్తే అందరికి కనవడ్తది. గందుకని గా సందుల్ల నుంచి లోపటికి ఏసిన. పరీచ్చ ఉన్నప్పుడల్ల జరన్ని. పాడైతదని తెల్వదు. చప్పుడు జాస్తి అయితుంటే బుగులైంది. డబ్బకు ఏమైతదో అని ఇంకిన్ని ఏసిన."

అన్నకు నవ్వొచ్చింది. వచ్చింది గానీ సగంలోనే ఆగిపోయి, తల వంచుకుని స్క్రూలు లెక్కపెట్టుకున్నాడు.

అమ్మ చెడ్డది కాదు. తన చూపు ఎక్కడికి పోయిందో తనకు తెలుసు, దాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక, "మాకొక మాట చెప్తే అయితుండె గదా వదినె" అంది.

"చెప్తే ఏయనిస్తుంటిరా?"

ఆమె ఆ మాట కోపంగా అనలేదు. ఎత్తిపొడుపు కూడా కాదు. ఉప్పు అయిపోయిందా అని అడిగినట్టు, తెలుసుకుందామనే అడిగింది. ఏమో, వేయనిస్తారేమో, తనే తప్పుగా అనుకుందేమో అని ఒక్క క్షణం అమ్మ ముఖంలోకి, నాయన ముఖంలోకి చూసింది. నా ముఖంలోకి కూడా చూసింది. అబద్ధం ఆడుదామన్నా కుదరని ప్రశ్న అది. ఇప్పటికీ అది గుర్తొస్తే నా చెవులు వేడెక్కుతాయి. ఆ ఇంట్లో పుట్టి, ఆ కేక వింటూ పెరిగి, చదువుకుని, అప్పటిదాకా ఒక్కసారి కూడా ఆ ప్రశ్న నేను అడగలేదు. ఆమే అడగవలసి వచ్చింది.

పక్కింటామె పొయ్యి మీద పాలున్నాయని లేచిపోయింది. పెద్దత్త కింద కూర్చుని, అక్షింతలు కాళ్ల కింద పడకూడదని ఒక్కొక్క గింజా కొంగులోకి ఏరింది. నేనూ ఏరబోతే నా చెయ్యి తోసేసి, "నువ్వు చదువుకో పో బిడ్డా, రేపు పరీచ్చ" అంది. అన్న మిగిలిన గింజలు చిన్న పట్టకారుతో తీసి, ఫ్యాను తుడిచి, రేకు బిగించాడు. ఆన్ చేస్తే చప్పుడు లేదు. ఎవరికీ సంతోషం కలగలేదు.

మర్నాడు పొద్దున మేకుకు సంచి లేదు. ఆమె తలకు నూనె రాసుకుని, చెప్పులు వేసుకుని, సంచి చంకన పెట్టుకుని గుమ్మం పక్కన నిలబడి ఉంది. మా ఇంటి ముందు తలుపు నుంచి ఆమె బయటికి పోవడం నేను చాలా తక్కువసార్లు చూశాను.

"యాడికక్కా?" అన్నాడు నాయన.

"రాజోలికి."

"ఆడ ఎవరున్నరు?"

ఎవరూ లేరని ఇద్దరికీ తెలుసు. ఆమె నేల వైపు చూస్తూ, "పిల్ల పరీచ్చ ఉన్నది, నేను ఉండుడు ఎందుకు" అంది. "పక్కింటామె అన్న మాట ఊరంత తిరుగుతది తమ్మీ. నీకు పిల్ల పెండ్లి ఉన్నది."

నాయన ఆమె చంకలోంచి సంచి తీసుకుని, నడిమింట్లోకి పోయి మేకుకు తగిలించి వచ్చాడు. అంతటితో ఆయన చేయవలసింది అయిపోయింది. ఆమె చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. ఆ క్షణంలో మేం ముగ్గురమూ మంచివాళ్లమని ఎవరికి వాళ్లం అనుకున్నామేమో, అదే నాకు ఎక్కువ సిగ్గు. ఆమెను ఇంట్లో ఉంచుకోవడంతోనే మా మంచితనం పూర్తయిపోయింది.

నేను కంప్యూటర్ ముందు కూర్చుని తలుపు వేసుకున్నాను. కెమెరా వెలిగింది. పెరట్లోంచి, మైకుకు వినబడనంత మెల్లగా, నాకు మాత్రమే వినబడేంత మెల్లగా వచ్చింది కేక.

"నేను ఎన్కకు పోయిన. షురూ జెయ్."

ఆ పరీక్ష నేను పాస్ కాలేదు. డబ్బా చప్పుడు చేయలేదు, నాకే లెక్కలు రాలేదు. తర్వాత ఇంకొక చోట రాసింది అయింది, ఈ నాగర్‌కర్నూల్ ఆఫీసులో నౌకరీ వచ్చింది. ఆమె ఆ తర్వాత డబ్బా దగ్గరికి రాలేదు. గలీబు ఉతకాలన్నా నన్నే తీసి ఇమ్మనేది. మరుసటి దసరాకు అమ్మ పూజ దగ్గర నుంచే, "వదినె, నువ్వు గూడ రారాదు" అని పిలిచింది. నిజంగానే పిలిచింది. పెద్దత్త, "నేనింక తానం చెయ్యలే, మీరు కానియ్యుండ్రి" అంది. కోడి కూయకముందే స్నానం చేసే మనిషి. అమ్మ మళ్లీ పిలవలేదు. అప్పుడు అమ్మ ముఖంలో కనబడింది ఊరటే. నా ముఖం నాకు కనబడలేదు కాబట్టి నా సంగతి చెప్పలేను.

నా పెళ్లి వనపర్తిలోనే, ఇంటి ముందు పందిరి వేసి చేశారు. మా మీద అక్షింతలు వానలా పడ్డాయి. తల పైకెత్తే వీలు దొరికినప్పుడల్లా చూశాను, ఆమె ఎక్కడా లేదు. బియ్యం బస్తాలు, కొబ్బరికాయలు పెట్టిన గదిలో కాపలా కూర్చుందని అమ్మ చెప్పింది. సాయంత్రం కారు వాకిట్లోకి వచ్చింది. అందరూ ఏడుస్తున్నారు, బ్యాండు మోగుతోంది. నేను చెప్పులు వేసుకున్నాను. అంత గోలలోనూ ఇంటి వెనక నుంచి వినబడింది.

"నేను ఎన్కకు పోయిన, ఎల్లుండ్రి."

అందరి కాళ్లూ కదిలాయి. నా కాళ్లు కదల్లేదు. చెప్పులు విప్పేసి, అమ్మ పిలుస్తున్నా ఆగకుండా, ఇంట్లోంచి పెరట్లోకి పోయాను. ఆమె స్నానాలగది గోడ పక్కన నిలబడి ఉంది. కొత్త చీర కట్టుకుంది, చేతులు కొంగు కింద ఉన్నాయి. నన్ను చూసి బెదిరిపోయింది.

"ఏంది బిడ్డా, ఏం మర్చిపోయినవు?"

నా జడలో, చీర మడతల్లో ఇరుక్కున్న అక్షింతలు ఏరి, దోసిట్లో పెట్టుకుని ఆమె ముందుకు చాపాను. "ఏయి అత్తా" అన్నాను.

ఆమె చేతులు బయటికి రాలేదు. చటుక్కున గోడ వైపు తిరిగిపోయింది. నేను బయలుదేరాను, ఆమె ఎదురైంది. ఇక ఆమెకు వెనక్కు పోవడానికి చోటు లేదు, అందుకని గోడకు ముఖం పెట్టుకుని నిలబడింది. ఆ గోడతోనే అంది.

"నావి ఎప్పుడో పడ్డయి బిడ్డా. చప్పుడు గూడ వింటివి గదా. పో, నన్ను సూడకు, ఎల్లు."

నేను ఇంకొక్కసారి అనొచ్చు. భుజం పట్టుకుని ఇటు తిప్పొచ్చు. ముందు నుంచి అమ్మ మళ్లీ పిలిచింది, మంచి గడియ దాటిపోతుందని ఎవరో అన్నారు. దోసిలి మూసుకుని వెళ్లిపోయాను. గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి చూశాను. ఆమె ఇంకా అలాగే, గోడ వైపే తిరిగి ఉంది.